పైగది మనిషి సత్ప్రవర్తన పత్రం

వికారాబాద్ కాలేజీవాళ్ళు పంపిన ఆహ్వాన పత్రికలో నా పేరు కింద ‘పోలీసు పటేలు గారి మనుమడు’ అని అచ్చు వేశారు. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి. ఆ సంగతి ఎక్కడా లేదు. నాకు కోపం రాలేదు. పత్రికను రెండుసార్లు చదువుకుని, ఇంటికి వచ్చినవాళ్ళకు కనబడేలా బల్ల మీద పెట్టాను. ‘ఉగ్రవాదం: అర్థం చేసుకోవడం, ఎదుర్కోవడం’ అనే విషయం మీద శని, ఆదివారాలు చర్చ. హైదరాబాద్ నుంచి నిపుణులు వస్తారు. ఈ ప్రాంతం తరఫున మాట్లాడేవాణ్ణి నేనొక్కణ్ణే.

పిలిచింది నా పాత విద్యార్థి. ఇప్పుడు అక్కడే అధ్యాపకుడు. “పాతకాలంల ఊరికి కొత్తమనిషి వస్తే మీ తాతగారు ఎట్ల అరుసుకునేటోడో అది చెప్పాలె సార్. క్లాసుల చెప్తుంటిరి గద, నాకింక యాదికున్నది,” అన్నాడు ఫోనులో. ఆ సంగతులు చెప్పగలిగినవాళ్ళు ఈ జిల్లాలో ఎంతమంది మిగిలారు? వస్తానన్నాను.

పోలీసు పటేలు అంటే ఖాకీ బట్టల మనిషి కాదు. ఊళ్ళో మంచిచెడ్డలకు సర్కారు ముందు జవాబు చెప్పవలసిన పూచీ తరతరాలుగా ఒక ఇంటి మీద ఉండేది. యాలాల్ దగ్గరి మా ఊళ్ళో ఆ ఇల్లు మాది. ఆ పదవి పోయింది. భూములు కొన్ని సీలింగులో పోయాయి, కొన్ని మా పెద్దల పంతాల్లో పోయాయి, మిగిలినవి మా నాన్న అమ్ముకున్నాడు. పడిపోయిన ఇంటి నుంచి నాపరాళ్ళు కూడా ఎవరో ఊడదీసి, ఇప్పుడు నేనుంటున్న తాండూరుకు తెచ్చి అమ్మారని విన్నాను. ఈ ఊళ్ళో ఎవరింటికి పోయినా నా చూపు ముందు వాకిలి బండల మీద పడుతుంది. కానీ పోయినవాటి గురించి ఎవరి దగ్గరా నిట్టూర్చలేదు. రైల్లో కూర్చోవడానికి కూడా ఎవరినీ జరగమని అడగలేదు. డెబ్భైకి దగ్గరపడినా నిలబడే ప్రయాణం చేస్తాను.

తాండూరులో మాది చిన్న ఇల్లు. కింద నేను, నా భార్య. పైన ఒక గది. ఆ గదిలో అప్పటికి పద్నాలుగు నెలలుగా ఒక మనిషి అద్దెకుంటున్నాడు. నలభై ఏళ్ళ లోపు వయసు. రాష్ట్ర సరిహద్దు అవతల, సేడం వైపు ఊరి మనిషి. సున్నపురాతి గనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర పని. భార్యాపిల్లలు ఊళ్ళోనే. ముస్లిం. ఈ మాట ఇక్కడే చెప్పాలి. ముందు ముందు నేను చేసిన పనిలో దానికి భాగం ఉంది.

చర్చకు రెండు వారాల ముందు అతను ఒక కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. సత్ప్రవర్తన పత్రం నమూనా. ‘ఫలానా వ్యక్తిని నేను ఇన్నేళ్ళుగా బాగా ఎరుగుదును, ఇతని నడవడి మంచిది’ అని ఉంది. కింద ఒక పెద్దమనిషి సంతకం కావాలి.

“ఒక పరీక్ష రాస్తున్న సార్. సర్కారు నౌకరీ చేసి దిగిన పెద్దోళ్ళ దస్కత్ అయితె నడుస్తదట. మీకంటె పెద్దోళ్ళు నాకెవరు తెలుసు ఈడ?” అన్నాడు.

ఏం పరీక్ష అని నేను అడగలేదు. చూస్తానని చెప్పి కాగితం తీసుకున్నాను. ఆ వయసులో పరీక్ష ఏమిటన్న అనుమానం మాత్రం లోపల మిగిలింది.

ఆ మర్నాడే నీళ్ళ ట్యాంకు చూడటానికి మిద్దె ఎక్కాను. అతని గది తలుపు తెరిచి ఉంది. అతను లేడు, కిందకు వెళ్ళాడు. చాప మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెరిచి ఉంది. అందులో మందుగుండు గొట్టాల బొమ్మలు, వాటికి తగిలించిన తీగలు. పక్కనే నోటుపుస్తకంలో అవే బొమ్మలు పెన్సిలుతో గీసి ఉన్నాయి. గడప దాటకుండా చూసి వెనక్కి వచ్చేశాను. అప్పటి నుంచి ఒక్కొక్కటీ గుర్తుకు రావడం మొదలైంది. తెల్లవారుజామున అతను గొంతు తగ్గించి కన్నడంలో ఫోను మాట్లాడతాడు. గల్లీలో ఎవరితోనూ కూర్చోడు. సెలవు రోజు తలుపు వేసుకుని ఉంటాడు.

పిలిచి అడిగితే సరిపోయేది. అడగాలంటే నేను అతని గదిలోకి చూశానని ఒప్పుకోవాలి. పరాయివాడి గదిలోకి తొంగిచూడటం మా ఇంటి మర్యాద కాదు. చూసి, చూశానని చెప్పడం అంతకన్నా తలవంపులనిపించింది. కాగితం నా పెట్టెలో ఉండిపోయింది. అతను రెండుసార్లు గుర్తు చేశాడు. “సోమవారం పోస్టు చెయ్యకుంటె టైం అయిపోతది సార్,” అన్నాడు రెండోసారి. “చూద్దాం,” అన్నాను. అతను మెట్లెక్కిపోయాడు.

శనివారం పొద్దున పాసింజరులో వికారాబాద్ వెళ్ళాను. మా పక్కింటాయన కూడా వెంట వచ్చాడు. ఆయనకు బండల పాలిషింగ్ యూనిట్ ఉంది. నా మాటలు వినాలని పని మానుకుని బయల్దేరాడు. ధారూరు దాకా నాతోపాటు నిలబడి, ఆ తర్వాత చోటు దొరికితే కూర్చున్నాడు. “జర కూసోండ్రి పటేలా, ఎవ్వరు జూస్తలేరు,” అన్నాడు. నేను కూర్చోలేదు.

కాలేజీ హాలు నిండింది. లెక్చరర్లు, విద్యార్థులు, నవాబుపేట, బంట్వారం వైపు నుంచి వచ్చిన సర్పంచులు. మొదట రిటైరైన ఒక పెద్ద పోలీసు అధికారి మాట్లాడాడు. సన్నటి మనిషి. చేతులు కదల్చకుండా మాట్లాడాడు.

“చనిపోయినవాళ్ళ కోసం కాదు, బతికున్నవాళ్ళ కోసం బాంబు పెడతారు,” అన్నాడాయన. “ఒక బజారులో పేలితే వంద ఊళ్ళలో పొరుగువాడు పొరుగువాణ్ణి చూసి జడవాలి. వాళ్ళకు కావలసింది అది. తుపాకీతో చేసే పని మేం చేస్తాం. ఆ జడుపును ఆపే పని మాత్రం మా చేతుల్లో లేదు. అది మీ గల్లీల్లో ఉంది.”

తర్వాత ఒక మనస్తత్వ శాస్త్రం ప్రొఫెసరు, నడివయసు ఆవిడ. జైళ్ళలో అటువంటి కేసుల్లో ఉన్నవాళ్ళతో కూర్చుని మాట్లాడిన మనిషి. ఉగ్రవాదికి ఒక ముఖం, ఒక వేషం, ఒక మతం ఉంటుందనుకుంటే పొరపాటని చెప్పింది. అది ఒక దారి అంది. అవమానమో, ఒంటరితనమో ఒకణ్ణి ఆ దారి మొదట్లోకి నెడుతుంది. నువ్వు పనికిమాలినవాడివి కావు, నీతో పని ఉంది అని ఎవరో దగ్గరకు తీస్తారు. ప్రతి మలుపులోనూ వెనక్కి పిలవగల మనిషి ఒకరు ఉండే ఉంటారు. చాలాసార్లు ఆ మనిషి నోరు తెరవడు. ఆమె మాట నన్ను కదిలించింది. కానీ ఆ మాట నా గురించేనని తోచలేదు.

బంట్వారం వైపు సర్పంచు ఒకాయన లేచి అడిగాడు. “మేడం, ఎవ్వరితోటి మాట్లాడకుండ పొద్దంత ఫోనే చూసేటోని మీద నిగా పెట్టాల్నంటున్నరు కొందరు. మా ఊళ్ళె అందరు గంతే. నా భార్య గుడ గంతే. మరి ఊరు ఊరంత పట్టియ్యాల్నా?”

హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. “అందుకే గుర్తుల పట్టీ ఇవ్వను. పట్టీ ఇస్తే మీరు మనుషుల్ని చూడటం మానేసి పట్టీ చూస్తారు,” అంది.

నా వంతు వచ్చింది. మైకు దగ్గర నిలబడి కాగితం లేకుండా మాట్లాడాను. కొత్త మనిషి మా ఊళ్ళో రాత్రి నిలవాలంటే చావడికి రావాలి. మా తాత ముందు అతనికి జొన్నరొట్టె పెట్టించేవాడు. తినేదాకా ఒక్క ప్రశ్న వేసేవాడు కాదు. చెయ్యి కడుక్కున్నాక ఎదురుగా కూర్చోబెట్టుకుని మూడే అడిగేవాడు: ఎవరి కొడుకువు, ఏ పని మీద వచ్చినవ్, ఎన్నడు పోతవ్. ఊళ్ళో ఎవరైనా ముందుకొచ్చి నా మనిషి అంటే వాళ్ళింటికి పంపేవాడు. ఎవరూ అనకపోతే తన అరుగు మీదే పడుకోబెట్టుకునేవాడు. ఠాణాకు కబురు పంపవలసి వస్తే ఆ మనిషితో చెప్పి మరీ పంపేవాడు. చెప్పకుండా పంపడం నామర్దా అనేవాడు.

చప్పట్లు కొట్టారు. రిటైరైన ఆ పోలీసు అధికారి కూడా కొట్టాడు. మా ఇంటి పేరు మీద అన్ని చప్పట్లు నేనెప్పుడూ వినలేదు. అక్కడ ఆపి దిగవలసింది. ఆపలేదు.

“ఆ కన్ను ఇంకా పోలేదు,” అన్నాను. “నా ఇంట్లోనే, పైగదిలో, పక్క రాష్ట్రం మనిషి ఒకడున్నాడు. గదిలో మందుగుండు బొమ్మల పుస్తకం ఉంది. తెల్లవారకముందే వేరే భాషలో గుసగుసగా ఫోను మాట్లాడతాడు. నా దగ్గరకు వచ్చి, నేను మంచివాణ్ణని రాసివ్వండి అన్నాడు. నేను రాసివ్వలేదు.”

మళ్ళీ చప్పట్లు. మొదటివాటికంటే గట్టిగా.

ప్రొఫెసరు మైకు అందుకుంది. గొంతులో ఎత్తిపొడుపు లేదు. “ఆ పుస్తకం దేనికని అతన్ని అడిగారా సార్?”

“లేదు.”

“మీ తాతగారైతే అడిగేవారు కదా? రొట్టె పెట్టి మరీ.”

నేను వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. భోజనాల దగ్గర ఆ అధికారి నన్ను పక్కకు పిలిచాడు. “కావాలంటే తాండూరు స్టేషనుకు చెప్తాను, నలుగురి కంటపడకుండా కనుక్కుంటారు,” అన్నాడు. “వద్దు. ముందు నేను అడుగుతాను. తర్వాత మీకు నేనే చెప్తాను,” అన్నాను. ఆయన తలూపాడు. ఆ పూట నా నోటి నుంచి వచ్చిన సరైన మాట అదొక్కటే.

తిరుగు రైల్లో మా పక్కింటాయన ఫోను ఆగకుండా మోగుతూనే ఉంది. నా ఉపన్యాసం మొత్తం వీడియో తీసి, పొద్దుననే గల్లీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడట.

“తీసెయ్యి,” అన్నాను.

“పంపిన గద పటేలా. తాండూరు సగం చూసింది ఇప్పటికే. మస్తు చెప్పిండ్రని అందరు మెచ్చుకుంటున్నరు.” ఆయన ముఖం వెలిగిపోతోంది. నా గౌరవం పెరిగిందని నిజంగా సంతోషిస్తున్నాడు. ఆయన్ని ఏమనగలను?

పొద్దు గుంకకముందే ఇల్లు చేరాను. ఎదురింటి అరుగు మీద నలుగురైదుగురు నిలబడి మా మిద్దె వైపు చూస్తున్నారు. మెట్ల మీద ఇనప పెట్టె. దాని పక్కన పైగది మనిషి. మెట్లకు అడ్డంగా నడుము మీద చెయ్యి పెట్టుకుని నా భార్య.

“వచ్చిండ్రా? రాండ్రి,” అంది నన్ను చూసి. “గీయనకు బండలు పేల్చే పరీక్ష ఉన్నది. బ్లాస్టరు సర్టిఫికెట్టట. అది పాసైతె గనిలనే ఇంత పెద్ద నౌకరీ అయితది. గా పుస్తకాలు గందుకు. అది బాంబని చెప్పి వచ్చిండ్రా మీరు?”

“నీకు తెలుసా?”

“నాకెందుకు తెల్వదు? మీరు అడగలే, మీకు చెప్పలే. నేను అడిగిన, నాకు చెప్పిండు. పోయినసారి ఫెయిలైండట, గల్లీల నవ్వుతరు, ఎవ్వరికి చెప్పకమ్మా అన్నడు. చెప్పలే. మీరెప్పుడన్న పైగది ముచ్చట నాతోని తీసిండ్రా?”

తీయలేదు. అనుమానాన్ని ఇంట్లో ఆడవాళ్ళ దగ్గర చర్చించడం నాకు అలవాటు లేదు. ఆ అలవాటు లేకపోవడాన్ని కూడా నేను ఇన్నాళ్ళూ గొప్పగానే భావించాను.

అతను మెట్ల మీద నుంచే మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

“సార్, ఆ పుస్తకం ఇంగ్లీషుల ఉన్నది. నాకు రాదు. సేడంల దోస్తు ఒకడు ముందే పాసైండు. పొద్దుగాల డ్యూటీకి పోకముందు ఫోన్ల కన్నడంల చెప్తడు. కింద మీరు, అమ్మ పండుకోని ఉంటరని మెల్లగ మాట్లాడిన. అది గుడ తప్పే అయింది.”

“నన్ను అడగనివ్వు...”

“ఒక్కనాడు పిలిచి అడిగితె పుస్తకం తెచ్చి మీ ముంగట పెడుతుంటి. ఇప్పుడేమడుగుతరు? మా కాంట్రాక్టరు ఫోన్ చేసిండు. రేపటి సంది రాకు, బండలు పేల్చే తూటాల దగ్గర నీలాంటోని పెట్టుకుంటె మా మీదికి వస్తది అన్నడు. సోమవారం ఫారం పోవాలె. ఈ వీడియో చూసినంక నాకు దస్కత్ ఎవడు పెడతడు సార్?”

“నేను పెడతాను. కాగితం నా దగ్గరే ఉంది.”

“వద్దు. భయపడి పెట్టిన దస్కత్ నాకొద్దు.”

“భయమా? నాకా?”

“సిగ్గుపడి పెట్టింది గుడ వద్దు.”

ఆ మాటకు నాకు కోపం రావలసింది. రాలేదు. అతను నా ఇంటి మెట్ల మీద, తన పెట్టె పక్కన, ఇల్లూ పనీ రెండూ పోతున్న గడియలో నిలబడి నిటారుగా నా కళ్ళలోకి చూస్తున్నాడు. అలా నిలబడే మనుషుల్ని నేను ఎక్కువమందిని చూడలేదు. మా ఇంట్లోనే అటువంటివాళ్ళు పుడతారని నాకొక నమ్మకం ఉండేది.

“రేపు నాతో వికారాబాద్ రా. అదే స్టేజి మీద చెప్తాను,” అన్నాను.

“నన్ను నిలబెట్టి చూపిస్తరా? జాతరల ఎలుగుబంటి లెక్క? నేను రాను సార్.”

అతను చెప్పింది సబబే. అతను లేకుండానే వెళ్ళాలి. నా భార్య అతని పుస్తకాల సంచీ లాక్కుని మా లోపలి గదిలో పెట్టి తాళం వేసింది. “రేపు సాయంత్రం దాక యాడికి పోతవో నేను జూస్త. పుస్తకాలు నా తాన ఉన్నయ్,” అంది. అతను పెట్టెను మళ్ళీ పైకి మోసుకుపోయాడు. అరుగు మీదివాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు.

ఆదివారం పొద్దున పక్కింటాయన తలుపు నేనే తట్టాను. “నువ్వు రావాలి. నిన్నటి లెక్కనే వీడియో తియ్యి. ఒక్క మాట కూడా కత్తిరించకుండా అదే గ్రూపులో పెట్టు,” అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. విషయం అప్పటికే విన్నాడు. “తప్పు నాది గుడ ఉన్నది గద పటేలా,” అన్నాడు. “నీది ఫోను తప్పు. నాది నోటి తప్పు. నాది పెద్దది,” అన్నాను.

రైల్లో ఆ రోజు ఖాళీ సీట్లున్నాయి. ఆయన నన్ను కూర్చోమనలేదు.

రెండో రోజు పట్టికలో నా పేరు లేదు. నా విద్యార్థిని పిలిచి రెండు నిమిషాలు కావాలన్నాను. వాడు కంగారుపడ్డాడు. “ఇప్పుడెందుకు సార్, నిన్న మంచిగనే అయింది గద,” అన్నాడు. “మంచిగ కాలేదు,” అన్నాను. ఇచ్చాడు.

క్షమాపణ చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పడం మాత్రం వచ్చు. అదే చేశాను.

“నిన్న ఈ మైకులో నేను ఒక మనిషి గురించి చెప్పాను,” అన్నాను. “అతను గనిలో బ్లాస్టరు పరీక్షకు చదువుకుంటున్నాడు. ఆ పుస్తకం ఆ పరీక్షది. గొంతు తగ్గించింది మా నిద్ర చెడగొట్టకూడదని. ఈ రెండూ తెలుసుకోవడానికి నేను పదకొండు మెట్లు ఎక్కితే సరిపోయేది. ఎక్కలేదు. అతని గదిలోకి చూశానని ఒప్పుకోవడం నామోషీ అనుకున్నాను. ఇంకొకటి కూడా చెప్పాలి. అదే పుస్తకం మా చుట్టాలబ్బాయి చేతిలో ఉంటే, ఏదో పరీక్షకు చదువుతున్నాడనుకునేవాణ్ణి. ఇతని చేతిలో ఉంటే అనుకోలేదు. నిన్న మీరందరూ చప్పట్లు కొట్టారు. మీరూ అనుకోలేదు. పొరుగువాణ్ణి చూసి పొరుగువాడు జడవాలని బాంబు పెట్టేవాళ్ళు కోరుకుంటారని ఈ హాల్లోనే విన్నాం. ఏ బాంబూ పేలకుండానే నిన్న నేను వాళ్ళ పని చేసిపెట్టాను. అతని పని పోయింది. ఆ కాంట్రాక్టరు ఈ వీడియో చూస్తాడు కనుక చెప్తున్నాను: ఆ మనిషి గురించి ఎవరికైనా సందేహం ఉంటే తాండూరులో నా ఇంటికి రండి. నేను జవాబు చెప్తాను.”

చప్పట్లు లేవు. నాకు కావాలని కూడా లేదు. ముందు వరుసలోంచి ఆ అధికారి లేచి నిలబడ్డాడు. నేను దిగి వచ్చేదాకా అలాగే నిలబడి, తర్వాత కూర్చున్నాడు. ప్రొఫెసరు నన్ను గుమ్మం దగ్గర ఆపింది. “ఫారం సంతకం అయిందా?” అని అడిగింది. “పెట్టనివ్వడం లేదు,” అన్నాను. “మంచిది. అయితే మీ పని ఇంకా మిగిలే ఉంది,” అంది.

నేను ఇల్లు చేరేసరికి వీడియో నాకంటే ముందే చేరింది. గల్లీలో ఇద్దరు నాకు నమస్కారం పెట్టారు. ఒకాయన చూసి కూడా లోపలికి పోయాడు. చెప్పులు విడిచి, పదకొండు మెట్లూ ఎక్కి, తెరిచి ఉన్న తలుపు మీద తట్టాను. పద్నాలుగు నెలల్లో తట్టడం అదే మొదటిసారి.

అతను చాప పరిచాడు. కూర్చున్నాను. అతను గోడకు ఆనుకోకుండా ఎదురుగా కూర్చున్నాడు.

“కాంట్రాక్టరు ఫోన్ చేసిండు. రేపు రమ్మన్నడు,” అన్నాడు. “పబ్లిక్‌ల చెప్పిండ్రు. షుక్రియా. కాని అది మీ ఇజ్జత్ కోసం చెప్పిండ్రు సార్. ఆ ఇజ్జత్ మీది. నా కాయితం మీద ఏం రాస్తరు?”

కాగితం జేబులోంచి తీసి మా ఇద్దరి మధ్య పెట్టాను. “ఇందులో నిన్ను బాగా ఎరుగుదును అని ఉంది. నాకు నువ్వు తెలియదు. అబద్ధం మీద నేను సంతకం పెట్టను. అందుకని వచ్చాను. నీకు అభ్యంతరం లేకపోతే ఆ పుస్తకం తీయి. నేను ఇంగ్లీషులో ప్రశ్న చదివి తెలుగులో చెప్తాను. నువ్వు జవాబు చెప్పు.”

లేచి మెట్ల దగ్గరకు వెళ్ళాడు. కిందికి వంగి కేకేశాడు, “అమ్మా, నా పుస్తకాలు ఇయ్యి, సారు పరీక్ష పెడతడట!”

నా భార్య సంచీ తెచ్చింది. దాంతోపాటు రెండు గ్లాసుల చాయ్ తెచ్చింది. “ఫెయిల్ చెయ్యకుండ్రి. బళ్ళె అందర్ని చేసిండ్రు,” అని నాతో అని వెళ్ళిపోయింది.

పేల్చే ముందు ఏం చేయాలి అని అడిగాను. ఎర్రజెండాలు, సైరను, మనుషులందరూ దూరం పోయారా లేదా అన్నది తన కళ్ళతో తానే చూడటం, ఒకరు చూశామంటే నమ్మి ఊరుకోకపోవడం, ఒకదాని వెనక ఒకటి చెప్పాడు. నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం అప్పజెప్పించాను. కంఠస్థం చేసినవాడి గొంతు వేరు, తెలిసినవాడి గొంతు వేరు. ఇతనిది రెండోది.

“అన్నీ పేలాక ఒక తూటా పేలకుండా మిగిలిపోయింది. అప్పుడు?”

“ఎవ్వర్ని దగ్గరికి పోనియ్య సార్. నేను గుడ తొందరపడి పోను. పెట్టిన టైం దాక ఆగాలె. పైనోళ్ళకు చెప్పాలె. మా మేనమామ గట్లనే పోయిండు. పేలలే గద అని ముట్టుకున్నడు. గప్పుడు నేను గనిల రాళ్ళు మోసేటోణ్ణి. చూసిన.” చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. “అందుకే ఈ పరీక్ష పట్టుకున్న. తెలిసినోడు ఒకడన్న ఉంటె గంతమంది సావరు.”

ఇది నేను అడిగిన ప్రశ్నలో లేదు. పద్నాలుగు నెలల్లో ఎప్పుడు అడిగినా చెప్పేవాడు. ఇంకా చాలాసేపు కూర్చున్నాను. అతని కూతురు ఎన్నో తరగతో అడిగాను. ఊళ్ళో ఎంత భూమి ఉండేదో, ఎలా పోయిందో చెప్పాడు. మా భూమి ఎలా పోయిందో నేనూ చెప్పాను. నా పెళ్ళయ్యాక ఆ సంగతి నేను బయటివాళ్ళకు చెప్పడం అదే మొదటిసారి. ఇంగ్లీషులో అతను తప్పు పలుకుతున్న మాటలు కొన్ని దిద్దాను. రెండుచోట్ల పుస్తకం సంగతి నాకు అర్థం కాకపోతే అతను నాకు దిద్దాడు.

పొద్దు వాలుతుండగా కలం తీశాను. ‘ఎన్నేళ్ళుగా ఎరుగుదురు’ అన్నచోట ఆగిపోయాను.

“పద్నాలుగు నెలలు రాయుండ్రి సార్,” అన్నాడు.

“పద్నాలుగు నెలలు నా ఇంట్లో ఉన్నావు. ఎరిగింది ఇవాళ.”

“గట్ల రాస్తే ఫారం వాపస్ వస్తది సార్!” గట్టిగా నవ్వాడు. అతను నవ్వడం నేను చూడలేదు అప్పటిదాకా. “ఆఫీసోళ్ళకు మీ లెక్కలు తెల్వయ్. నేను మిమ్మల్ని పద్నాలుగు నెలల సంది ఎరుగుదును. పొద్దున లేస్తె మీరు వాకిట్ల ఎట్ల నిలబడ్తరో గుడ తెలుసు. గదే రాయుండ్రి, ఇద్దరిది కలిపి.”

పద్నాలుగు నెలలని రాశాను. నడవడి అన్నచోట అచ్చులో ఉన్న ‘మంచిది’ అనే మాట నాకు చాలలేదు. దాని కింద నా చేతిరాతతో, ‘ఇతను పనిచేసే చోట నా సొంత మనుషులు నిలబడి ఉన్నా నేను నిశ్చింతగా ఉంటాను’ అని ఒక వాక్యం చేర్చాను. ఎప్పుడూ పొట్టి సంతకం పెట్టేవాణ్ణి, ఆ రోజు ఇంటిపేరుతో సహా పూర్తిగా పెట్టాను. ఆ పేరు రాసినందుకు ఆ ఏడాదిలో అంత గర్వపడిన సందర్భం నాకు ఇంకొకటి లేదు.

అతను కాగితాన్ని వెలుతురులోకి పట్టుకుని ఒక్కొక్క అక్షరమే చదివాడు. నేను చేర్చిన వాక్యం దగ్గర ఆగాడు. మళ్ళీ చదివాడు. తర్వాత కాగితం నా వైపు తిప్పి, కింద ఖాళీగా ఉన్న గీత మీద వేలు పెట్టాడు.

“తారీఖు వెయ్యలే సార్.”

వేశాను.